లంగరు అనే మాటకు నేను రాసిన తప్పు అర్థం

మా తమ్ముని బిడ్డ ఈ మధ్యనే కోర్టులో తర్జుమా పనిలో చేరింది. చేరిన వారానికే ఇంటికి వచ్చి, "పెద్దబాపూ, నువ్వు ఇన్నేండ్లు గిదే పని చేసినవు గదా. గిండ్ల ముఖ్యంగా నేర్సుకోవాల్సింది ఏంది?" అని అడిగింది.

"వినుడు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "విననీకి గూడ నేర్సుకోవాల్నా?"

ఆ ప్రశ్నకు జవాబుగానే ఆమె వెళ్లిపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ రిజిస్టరు ఎలా నింపాలి అనేవి ఇందులో ఉండవు. వాటిని ఆఫీసులో ఎవరైనా చెబుతారు. నా చేతిరాత వల్ల ఒక మనిషి జైలు గుమ్మం దాకా వెళ్లి ఎలా వెనక్కి వచ్చాడో, వెనక్కి తెచ్చినవాళ్లు ఎవరో మాత్రమే చెబుతాను.

నా పని

అవి నిజాం పాలన రోజులు. నిజాంసాగర్ కాలువలు పారడం మొదలై కొన్నేళ్లే అయింది. బాన్సువాడ కచేరీలో, అంటే కోర్టులో, కాగితమంతా ఉర్దూలో నడిచేది. వచ్చే జనం మాట్లాడేది తెలుగు. జుక్కల్ వైపు నుంచి వచ్చేవాళ్లయితే సగం మరాఠీ కలిపి మాట్లాడేవారు. మున్సిఫ్ సాహెబు హైదరాబాదు నుంచి వచ్చినవారు, ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. సాక్షి తెలుగులో చెప్పింది నేను విని ఉర్దూలో రాయాలి. రాసింది మళ్లీ తెలుగులో చదివి వినిపించి, సాక్షి చేత వేలిముద్ర వేయించాలి. అదీ మున్షీగా నా పని.

మా ఇంట్లో కచేరీ మెట్టు ఎక్కిన మొదటివాణ్ణి నేను. మా అమ్మ బీడీలు చుడుతూ నన్ను ఉర్దూ బడిలో చదివించింది. నా ఉర్దూ బాగుంటుందని అందరూ అనేవారు. అది నిజమే. నా గొడవంతా తెలుగుతో వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి మాట్లాడుతున్న భాష కాబట్టి తెలుగు మొత్తం నాకు వచ్చనుకున్నాను.

పడవ కేసు

చేరిన మూడో ఏడు వానాకాలంలో నూకరాజు కేసు వచ్చింది.

నూకరాజుది గోదావరి దిగువన ఎక్కడో సముద్రానికి దగ్గర ఊరు. కాలువ నీళ్లు వచ్చాక వర్ని వైపు భూములు చేసుకోవడానికి కోస్తా నుంచి రైతు కుటుంబాలు వచ్చాయి గదా, వాటిలో ఆయన అక్కాబావల కుటుంబం ఒకటి. వాళ్ల వెంట ఈయనా వచ్చాడు. పొలం పని ఆయనకు పడలేదు. చిన్నప్పటి నుంచి పడవ మీద బతికిన మనిషి. అందుకని బీర్కూర్ దగ్గర మంజీర మీద జనాన్ని దాటించే పడవ పనిలో కుదురుకున్నాడు.

ఆ రోజు అవతలి ఒడ్డున ఒక దర్గా దగ్గర ఉర్సు ఉత్సవం జరిగింది. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. అలా పెట్టే అన్నదానాన్ని మా వైపు లంగర్ అంటారు. మతంతో పని లేకుండా అందరం వెళ్లి తినేవాళ్లం. మధ్యాహ్నం తిరిగి వచ్చేవాళ్లు తొమ్మండుగురు పడవ ఎక్కి కూర్చున్నారు. ఒడ్డు బురదగా ఉండటంతో పడవను కొంచెం లోపల, మొలలోతు నీళ్లలో నిలిపారు. ఇంకా ఇద్దరు ముగ్గురు వస్తే బయలుదేరాలి. ఇంతలో పైన ఎక్కడో కురిసిన వానకు నది ఒక్కసారిగా పొంగింది. పడవ కొట్టుకుపోయి కింద రాళ్ల దగ్గర తిరగబడింది. ఎనిమిది మంది బతికారు. మల్లయ్య అనే రైతు మునిగిపోయాడు. అతని భార్య సాయవ్వ కూడా అదే పడవలో ఉంది. ఆమె బతికింది.

జనాన్ని ఎక్కించుకుని, పడవను గాలికి వదిలేసి నూకరాజు ఎటో పోయాడని కేసు పెట్టారు. ఒడ్డున ఉన్నవాళ్లను అడిగితే, పడవ కదిలినప్పుడు పడవ మీద అతను కనబడలేదన్నారు. పడవలో బతికినవాళ్లూ అదే అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అడిగిన దానికే జవాబు చెప్పారు.

విచారణ రోజున సాహెబు ఉర్దూలో అడిగిన ప్రశ్నను నేను తెలుగులో చెప్పాను. "పడవ కదిలినప్పుడు నువ్వు ఎక్కడున్నవు?"

నూకరాజు చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు. "లంగరు కాడ ఉన్నానండి. ఇంకెక్కడికీ పోలేదండి."

నేను కలం కాగితం మీద పెట్టాను. లంగర్ అంటే నాకు తెలుసు. ఆ రోజు ఒడ్డున లంగర్ జరిగిందనీ తెలుసు. సాహెబుకు స్పష్టంగా ఉండాలని, నా తెలివికొద్దీ రెండు మాటలు కలిపి రాశాను: "అన్నం పంచే లంగర్ దగ్గర ఉన్నాను, ఇంకెక్కడికీ పోలేదు."

చదివి వినిపించే వేళకు మధ్యాహ్నం దాటింది. తొందరలో పొడవాటి వాక్యాలన్నీ కుదించి చదివాను. "లంగర్ దగ్గర ఉన్ననని చెప్పినవు గదా?" అని అడిగాను.

"అవునండి" అని నూకరాజు వేలిముద్ర వేశాడు.

రాసేటప్పుడు లేని మాట కలిపాను. చదివేటప్పుడు అదే మాట వదిలేశాను. ఈ రెండూ జరిగాక పక్కన సాక్షాత్తూ బ్రహ్మదేవుడు నిలబడినా ఆ తప్పును పట్టుకోలేడు.

సాయవ్వ అడిగిన మాట

తర్వాతి వాయిదాలో సర్కారు వకీలు పెద్దగా వాదించలేదు. ఆ కాగితం తీసి, ముద్దాయే ఒప్పుకున్నాడు చూడండి అన్నారు. జనాన్ని నీళ్ల మీద వదిలి అన్నం తింటూ కూర్చున్నాడని ఉర్దూలో చెప్పారు, నూకరాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తీర్పు మూడు రోజుల తర్వాత చెబుతామని సాహెబు లేచారు. ఆయన ముఖం చూస్తే శిక్ష ఖాయమని తెలిసిపోయింది. అది చిన్న శిక్ష కూడా కాదు.

నేను కట్టలు చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చేసరికి సాయవ్వ ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త పోయి నెల దాటిందేమో, ఒళ్లంతా వడలిపోయి ఉంది.

"మున్షీ అయ్యా, గా పడవాయన తిననీకి పోయిండని రాసిండ్రట, నిజమేనా?"

"గాయననే చెప్పిండక్కా. లంగర్ కాడ ఉన్ననన్నడు" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "లంగర్ అంటే తిండి అనుకున్నవా? గాయన పడవల ఇనుప కొండ్లది ఒకటుంటది, మోకు గట్టి నీళ్లల్ల ఏస్తడు. గదాన్ని గాయన లంగరంటడు. నీళ్లు రాంగనే గది ఇసుకల జారింది. గాయన దుంకి, గదాన్ని కాళ్లతోని తొక్కి పట్టిండు. మెడ దాంక నీళ్లు. నేను ముంగటనే కూసున్న, నా కండ్లతోని సూసిన."

చంకలోని కట్టలు కింద పెట్టాను. "మరి మొన్న వాయిదాల నువ్వెందుకు చెప్పలేదక్కా?"

"నన్ను అడిగిండ్రా? నీ పెనిమిటి పేరేంది, శవాన్ని ఆనవాలు పట్టినవా, గంతే అడిగిండ్రు. అడిగిందానికే జవాబు చెప్పాలన్నరు." ఆమే మళ్లీ అంది. "గా ప్రశ్నలు నువ్వే అడిగినవు."

అవును, నా నోటితోనే అడిగాను.

ఒక రోజు ఆలస్యం

ఇక్కడ నేను గొప్పగా ప్రవర్తించానని రాయాలని ఉంది, కానీ అది నిజం కాదు. నేను వెంటనే సాహెబు దగ్గరికి వెళ్లలేదు. తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. సాయవ్వ పొరపడిందేమో, దుఃఖంలో ఉన్న మనిషి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి వెళ్లి అమ్మకు కూడా చెప్పలేదు.

మర్నాడు సెలవు అడిగి ఎడ్లబండి మీద బీర్కూర్ దారి పట్టాను. జామీను మీద ఉన్న నూకరాజు ఏటి ఒడ్డునే దొరికాడు. పగిలిన పడవ అంచుకు చెక్క వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మీ లంగరు ఒకసారి చూపిస్తరా?" అన్నాను.

మీద కప్పిన గుడ్డ తీసి చూపించాడు. నాలుగు కొండీల ఇనుప వస్తువు. మధ్య కాడ నా చెయ్యంత పొడవుంది. పైన కడియం, కడియానికి తెగిన మోకు ముక్క. మా వైపు పడవలను ఒడ్డున గుంజకు కట్టేసేవారు, లేదా వెదురుగడ గుచ్చి నిలిపేవారు. పుట్టిన దగ్గర్నుంచి నేను లంగరును చూడలేదు.

"మా నాన్నదండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు బండిలో వేసుకొచ్చాను. వరద తగ్గాక ఇసుకలోంచి తవ్వి తీశాను" అన్నాడు. "లంగరు దించటం అంటే నీళ్లలోకి వదలటం అండి. అడుగున గట్టిగా కరుచుకుంటే లంగరు పట్టిందంటాం. ఇసుక నేల అయితే ఒక్కోసారి కోసుకుంటూ పోద్ది. అప్పుడు లంగరు జారిందంటాం. ఆ రోజు అదే జరిగిందండి. దూకి కాలితో తొక్కి ఇసుకలోకి దించాను. పట్టింది. పట్టిందండి బాబూ! అంతలో పైనుంచి చెట్టుమాను ఒకటి కొట్టుకొచ్చి పడవకు తగిలింది. మోకు తెగిపోయింది." చేతిలోని మోకు ముక్కను చూస్తూ నిలబడ్డాడు. "ఏడుగురిని నేనే లాగానండి, కోర్టులో ఆ సంగతి ఎవరూ అడగలేదు. సాయవ్వ గారు కొమ్మ పట్టుకుని తనే గట్టెక్కారు. మల్లయ్య గారి చెయ్యి ఒకసారి తగిలింది. మళ్లీ తగల్లేదు."

ఆ మాట అనేటప్పుడు ఆయన తన అరచేతిని చూసుకున్నాడు. నేను ఎందుకు వచ్చానో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. తిరుగు బండిలో మాత్రం సాకులు వెతకడం మానేశాను.

సాహెబు గదిలో

తీర్పుకు ముందు రోజు పొద్దున, కచేరీ మొదలవకముందే సాహెబు గదికి వెళ్లి నిలబడి అంతా చెప్పాను. కలిపి రాసిన మాట, వదిలేసి చదివిన మాట, రెండూ చెప్పాను. ఒక రోజు దాచిన సంగతీ చెప్పాను.

ఆయన చాలా కఠినమైన మనిషి. ఆలస్యంగా వచ్చిన గుమస్తాలను గుమ్మంలోనే నిలబెట్టేవారు. ఆయన అరుస్తారని ఎదురుచూశాను. అరవలేదు. ఆ కాగితం తీసి, నేను రాసిన వాక్యం రెండుసార్లు చదివారు.

"లంగర్ ఏ భాష మాట?" అని అడిగారు.

"ఉర్దూ, హుజూర్."

"ఉర్దూకు ఫారసీ నుంచి వచ్చింది. అక్కడ ముందు నుంచీ ఓడను నిలిపే ఇనుముకే ఆ పేరు. దర్గాల్లో అన్నం పెట్టే చోటికి ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్లు రకరకాలుగా చెబుతారు. దారిన పోయేవాడు వచ్చి ఆగే చోటు కాబట్టి అన్నారని మా ఉస్తాదు చెప్పేవారు. అది నిజమో కాదో నాకు తెలియదు." ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. "మీ ఊరికి ఈ మాట దర్గా నుంచి వచ్చింది. ఆ పడవవాడి ఊరికి ఓడల మీద వచ్చింది. ఇద్దరూ దాన్ని తెలుగే అనుకున్నారు. నువ్వు ఎప్పుడూ వినని మాట చెప్పి ఉంటే ఏం చేసేవాడివి?"

"అర్థం అడిగేవాణ్ణి."

"అదే. తెలియని మాట దగ్గర నువ్వు ఎలాగూ ఆగుతావు. తెలిసిన మాట దగ్గరే ఆగడం నేర్చుకో."

ఆ తర్వాత నేను ఎన్నో ఏళ్లు పని చేశాను, ఎందరో అధికారులను చూశాను. నా పని గురించి ఇంతకు మించిన మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం ఉందా, పోయిందా అని అడిగే ధైర్యం లేక నిలబడే ఉన్నాను. ఆయన తలెత్తి, "ఇంకా ఏమిటి? తీర్పు ఆపుతున్నాను. పడవవాణ్ణి, ఆ ఆడమనిషిని మళ్లీ పిలిపించు. ఆ ఇనుమును కూడా తెమ్మను" అన్నారు.

కచేరీలోకి వచ్చిన ఇనుము

నూకరాజు లంగరును భుజాన మోసుకొచ్చి సాహెబు బల్ల ముందు దించాడు. వరండాలో జనం కిటికీలకు అతుక్కుపోయారు. ఎలా దించుతారో, ఎలా పడుతుందో, ఎలా జారుతుందో ఆయన చేతులతో చూపిస్తూ చెప్పాడు. నేను ప్రతి మాట దగ్గరా ఆగాను, అడిగాను, ఆ తర్వాతే రాశాను. సాహెబు విసుక్కోలేదు.

తర్వాత సాయవ్వను పిలిచారు. వరండాలో నాకు చెప్పిందంతా అక్కడా చెప్పింది. వకీలు లేచి ఒక ప్రశ్న వేశారు. ఆయన అడగవలసినదే, తప్పు పట్టను. దాన్ని నేను తెలుగులో చెప్పాను. "నీ పెనిమిటి ఈ పడవలనే పోయిండు. ఈ మనిషి మీద నీకు కోపం లేదా?"

"ఉన్నది. ఎందుకుండది?" అంది సాయవ్వ. "అందరిని అందుకున్నడు, నా మొగన్నొక్కన్నే అందుకోలే. రోజూ గుర్తుకొస్తది. గని తిననీకి పోయిండని మాత్రం రాయకుండ్రి. నా మొగడు పోయేటప్పుడు గీయన నీళ్లల్ల ఉన్నడు. గది అబద్ధం గావద్దు."

దాన్ని ఉర్దూలో ఒక్కో మాటే, ఏదీ వదలకుండా చెప్పాను. సాహెబు కలం ఆపి, నేను ముగించే దాకా ఆగారు. కచేరీలో అలా ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

నూకరాజును నిర్దోషి అని వదిలేశారు. తీర్పులో సాహెబు ఒక వాక్యం రాశారు: మొదటి వాంగ్మూలంలో తర్జుమా తప్పు జరిగిందనీ, తప్పు చేసిన మున్షీయే వచ్చి చెప్పాడనీ. అది చూసి నా పేరుకు మచ్చ పడిందని చాలా రోజులు బాధపడ్డాను. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన అధికారి పాత తీర్పులు చదువుతూ అదే వాక్యం దగ్గర ఆగి నన్ను పిలిపించారు. "ఇది నువ్వేనా? అయితే నీ తర్జుమా నేను మళ్లీ సరిచూడక్కర్లేదు" అన్నారు. సరిచూడాల్సిందేనని నేను ఆయనకు చెప్పాను.

తీర్పు రోజున బయటికొచ్చాక నూకరాజుకు నిజం చెప్పాను. ఆయన మొదట అర్థం కాక చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "అయితే నేను జైలుకెళ్లేది అన్నం తిన్నందుకాండీ? ఆ రోజు నేను మెతుకు కూడా ముట్టలేదండి బాబూ. వెళ్దామనుకుంటే జనం ఎక్కేశారు." నవ్వుతూనే మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. క్షమించమని అడిగాను. "మీరు వచ్చి చెప్పారు గదండీ" అన్నాడు, అంతే.

ఆ తర్వాత

ఆనాటి నుంచి నాకు ఒక అలవాటైంది. సాక్షి చెప్పింది నాకు అర్థమైందనిపిస్తే, "జర చేతులతో చూపెట్టు" అనేవాణ్ణి. చెరకు తోటకు కాపలా ఉన్న ముసలాయన ఒకసారి, "మిట్టమధ్యాహ్నం మంచె మీద పండుకున్న, గప్పుడు దొంగను సూసిన" అన్నాడు. వకీలు ఎగిరి దూకారు, నిద్రపోతున్నవాడు ఎలా చూశాడని. చూపెట్టమంటే ముసలాయన నేల మీద వెల్లకిలా పడుకుని, కళ్లు ఇంత చేసి తెరిచాడు. సాహెబు కూడా నవ్వారు. పండుకున్నాడంటే నిద్రపోయాడనీ అర్థమే, ఒళ్లు వాల్చాడనీ అర్థమే. ఏది రాస్తే ఏమవుతుందో నీకు ఇప్పుడు తెలుసు, బిడ్డా.

కచేరీ భాష మారింది. నేను ఉర్దూలో రాసింది నువ్వు ఇంకో భాషలో రాస్తున్నావు. పని మాత్రం అదే. పక్క ఊరు దాటితే మాట మారుతుందని అందరికీ తెలుసు. మాట మారకుండా అర్థం ఒక్కటే మారినప్పుడు ఎవరికీ వినబడదు. చదివి వినిపించేటప్పుడు ఎంత ఆలస్యమైనా ఒక్క మాట కుదించకు. తప్పు చేస్తే ఆ రోజే చెప్పు, నాలా ఒక రోజు ఆగకు. ఒక్క రోజే గదా అనిపిస్తుంది. ఆ రోజంతా నూకరాజు పడవకు చెక్క వేసుకుంటున్నాడు, ఏం జరగబోతోందో తెలియకుండా.

నూకరాజు విడుదలైనా, పడవ బాగైనా జనం ఎక్కలేదు. కచేరీ వదిలేసింది గాని నది మీద భయం పోలేదు. అవతలి ఊళ్లో మా చెల్లెలి ఇంటికి వెళ్లాల్సి ఒక పొద్దున నేను రేవుకు వెళ్లాను. ఒడ్డున పదిహేను మంది దాకా మూటలు పట్టుకుని నిలబడ్డారు, ఒక్కరూ కదలరు. నూకరాజు పడవ కొసన తల వంచుకుని కూర్చున్నాడు. నేను వెళ్దామా అని అనుకుంటుండగానే వెనక నుంచి సాయవ్వ వచ్చింది. తల్లిగారి ఊరికి పోతున్నానంది. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. నూకరాజు గబగబా లేచి చెయ్యి అందించాడు. ఆమె ఒక క్షణం ఆ చేతిని చూసింది. తర్వాత పట్టుకుని ఎక్కి, ముందు భాగంలో కూర్చుంది.

"ఏంది, అందరు గట్ల సూస్తుండ్రు?" అంది ఒడ్డు వైపు తిరిగి. "పొద్దెక్కుతుంది. వస్తె రాండ్రి, లేకుంటె మేం పోతం."

ఒక ముసలమ్మ కదిలింది. ఆమె వెనక ఆమె కోడలు, ఆ తర్వాత ఇద్దరు రైతులు, వాళ్ల వెనక మిగతావాళ్లు. నేను చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని పడవ దాకా వెళ్లేసరికి కూర్చోవడానికి చోటు లేదు. నిలబడే దాటాను.